మొదటి అంగుళం లేని టేపు

మా మామయ్యగారిని బజారంతా చెవి మేస్త్రి అంటుంది. అసలు పేరు చెప్పి అడిగితే ఎవరూ చూపించరు గానీ, చెవి మేస్త్రి ఇల్లెక్కడ అంటే చాలు, సందు మొదట్లో పడుకున్న కుక్క కూడా లేచి దారి చూపిస్తుంది. చెడిపోయిన మోటారు సైకిలు తెచ్చి ముందు పెడితే ఆయన వెంటనే పానా పట్టుకునేవారు కాదు. పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవారు. బండి యజమాని ఏదో చెప్పబోతే చేత్తో ఆపి, "నువ్వుండవయ్యా, అది చెప్తోంది కదా!" అనేవారు. కాసేపటికి కళ్ళు తెరిచి, వాల్వు సందు పెరిగిందనో, గొలుసు సాగిందనో, బేరింగు అరిగిందనో తేల్చేవారు. విప్పి చూస్తే అదే అయ్యేది.

నేను ఆ ఇంటి కోడల్ని. నాకు నోరు పెద్దది, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ రెండూ దాచుకునే అలవాటు నాకు లేదు. అలాంటిదాన్ని కూడా, కాపురానికి వచ్చిన కొత్తలో ఆయన చెవికి భయపడి మునివేళ్ళ మీద మెట్లు ఎక్కేదాన్ని. "ఎవరమ్మా అది? కుడికాలి చెప్పు తెగేలా ఉంది, చూసుకో" అని లోపల్నుంచి కేక వినబడేది. మర్నాడు తెగేది. పక్కింటావిడ మిక్సీ తిప్పుతుంటే ఈయన గోడకి ఇవతల భోంచేస్తూ, "అది ఇంక ఎన్నాళ్ళో తిరగదు" అని జోస్యం చెప్పేవారు. దేవుడు ఈ మనిషికి ముందు చెవులు చేసి, మిగతాది తర్వాత అతికించాడని మా అత్తయ్య అంటుంది.

అంతటి మేస్త్రి సొంత బండికి మాత్రం స్పీడు మీటరు పనిచేయదు. నేను ఆ ఇంట్లో అడుగు పెట్టకముందే దాని కేబులు తెగిందట. ముల్లు సున్నా మీద పడుకుని నిద్రపోతూ ఉంటుంది. ఊళ్ళో వాళ్ళ బళ్ళన్నీ బాగుచేస్తారు, మీది ఎందుకు చేసుకోరు మామయ్యగారూ అని ఒకసారి అడిగాను.

"నలభైకి ఒక గొంతు, యాభైకి ఒక గొంతు ఉంటాయి, అమ్మాయ్. నా చెవిలోనే ఉంది ముల్లు. ఇంకో ముల్లెందుకు?" అన్నారు.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం. ఒప్పుకోక చస్తామా? ఒప్పుకున్నాం.

అత్తయ్య బట్టలు కుడుతుంది. వీధి గదిలో కిటికీ పక్కన ఆవిడ మిషను. రోజూ సాయంత్రం కుట్టిన బట్టలు మూటగట్టుకుని, ఆయన వెనక కూర్చుని, ఇళ్ళకి ఇచ్చి రావడం వాళ్ళ అలవాటు. ఇంట్లో ఆ ఇద్దరూ మాట్లాడుకోగా నేను చూసింది తక్కువ. ఆవిడకి మిషను మోత, ఆయనకి ఇంజన్ల మోత. బండెక్కితే మాత్రం అత్తయ్య ఆయన చెవి దగ్గర నోరు పెట్టేది. సందు మలుపు తిరిగేదాకా మాకు కనబడేది, ఆవిడ నోరు ఆడుతూనే ఉండేది, ఆయన తల ఊపుతూనే ఉండేవారు. తిరిగొచ్చేటప్పుడూ అంతే. ఇంటి సంగతులన్నీ ఆ బండి మీదే తేలేవి. మా పెళ్ళి కూడా ఆ బండి మీదే ఖాయమైందని మా ఆయన చెబుతారు.

తర్వాత ఆయనకి చెవి తగ్గింది. మాకు చాలాకాలం తెలియలేదు, తెలిశాక ఆయన ఒప్పుకోలేదు. "ఈ కాలం మనుషులు నోట్లో నోట్లో మాట్లాడతారు" అన్నారు. "ఈ కాలం బళ్ళకి గొంతే లేదు" అన్నారు. తప్పంతా లోకం మీదకి నెట్టేశారు. డాక్టరు చెవిలో పెట్టుకునే మిషను ఇస్తే, అది పెట్టుకుని బండి నడిపి చూసి, గాలి హోరుకి తల పగిలిపోతోందని తీసి జేబులో వేశారు. డాక్టరు బండి మానేయమనలేదు. రెండువైపులా అద్దాలు పెట్టుకోమన్నాడు, వేగం చూసుకోమన్నాడు. అద్దాలు పెట్టారు. వేగం ఎలా చూసుకోవాలో డాక్టరు చెప్పలేదు, ఈయన అడగలేదు.

ఒకనాడు సాయంత్రం ఇద్దరూ మూటతో బయల్దేరారు. స్కూలు పిల్లల యూనిఫారాలు, ఆ వారమంతా అత్తయ్య వంగి వంగి కుట్టినవి. పెద్ద రోడ్డెక్కాక మామయ్యగారు ఎప్పట్లా తన నలభై గొంతు చెవిలో పడేదాకా యాక్సిలరేటరు తిప్పారు. ఆ గొంతు ఆ చెవికి వినబడాలంటే బండి ఎంత పరిగెత్తాలో ఆలోచించండి. అత్తయ్య అరిచింది. వినబడలేదు. వీపు మీద కొట్టింది. ఆయన ఆపలేదు సరికదా ఇంకొంచెం తిప్పారు. ఇంకా గట్టిగా కొట్టింది. ఇంకా తిప్పారు. మార్కెట్టు మలుపులో ఎదురుగా బస్సు వచ్చేసరికి కాలూ చెయ్యీ కలిపి బ్రేకు వేశారు. బస్సుకీ బండికీ మధ్య మనిషి పట్టే చోటు కూడా మిగల్లేదట. మూట విడిపోయి యూనిఫారాలు రోడ్డంతా పరుచుకున్నాయి.

దెబ్బలేమీ తగల్లేదు. అత్తయ్య యూనిఫారాలు ఒక్కొక్కటే ఏరుకుని, మూట నెత్తిన పెట్టుకుని, ఇంటికి నడిచి వచ్చింది. వెనకాల ఆయన బండి నడిపించుకుంటూ వచ్చారు. గుమ్మంలో ఆవిడ అన్న మాట నేను మర్చిపోలేను.

"చెయ్యి వాచేలా కొట్టినా ఆపలేదు. నా భయం ఈ మనిషికి లెక్కలేదు. ఇక ఆ బండెక్కితే ఒట్టు."

ఆయనకి వినబడిందో లేదో గానీ, అర్థమైంది. తాళం తీసుకెళ్ళి గోడ మేకుకి తగిలించారు. ఎందుకు ఆపలేదో ఆవిడ అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఎండలు పోయి వానలు వచ్చాయి. మామయ్యగారు బజారుకి వెళ్ళడం మానేసి వసారాలో కుర్చీకి అతుక్కుపోయారు. అత్తయ్య మూటతో బస్సులు ఎక్కి దిగుతోంది. ఒకే ఇంట్లో ఇద్దరూ రెండు గోడల్లా ఉన్నారు. నాకు ఏడుపొచ్చేది. ఏడుపొస్తే నాకది కోపంగా బయటికొస్తుంది. ఆ రోజుల్లో నా చేతిలో సొట్టపడని గిన్నె లేదు.

ఒక శుక్రవారం పాత ఇనుప సామాన్లాయన మా వీధిలోకి వస్తే, మామయ్యగారు ఆయన్ని పిలిచి, "ఆదివారం సాయంత్రం వచ్చి ఈ బండి పట్టుకుపో" అన్నారు. నేను విన్నాను. చేతిలో ఉన్న చీపురు అక్కడే పారేసి మా మరదలికి ఫోను చేశాను.

మరదలంటే మామయ్యగారి కూతురు. రెండు వీధుల అవతల ఉంటుంది. తండ్రి రిపేరు షెడ్డులోనే ముందు భాగంలో మీటర్ల కొట్టు పెట్టింది. బళ్ళకి మీటర్లు బిగించడం, కొలత సరిచేయడం ఆమె పని. బజార్లో ఆమెని ముల్లు అంటారు. మీటరు ముల్లని కొందరి ఉద్దేశం, నోరు చూసి పెట్టారని నా ఉద్దేశం. తండ్రి దగ్గర పని నేర్చి, ఆయన అసహ్యించుకునే ఒకే ఒక వస్తువుని పట్టుకుని పైకొచ్చింది.

"ఇనుప కొట్టుకా?" అని అరిచింది ఫోన్లో. "వదినా, చెవి పోతే పోయింది. కళ్ళు బంగారంలా ఉన్నాయి కదా ఆయనకి. రేపు మీటరు తెస్తున్నా. అమ్మకి చెప్పకు."

"మీ అమ్మకి చెప్పకుండా ఈ ఇంట్లో పిల్లి కూడా పిల్లల్ని పెట్టదే."

"అయితే చెప్పు. నేను తెచ్చేది మాత్రం తెస్తా."

శనివారం మధ్యాహ్నం సంచీ నిండా సామానుతో దిగింది. వాకిట్లో సిమెంటు గచ్చు మీద బండి పెట్టి, ఆ పాత మీటరు ఊడదీసి పక్కన పడేసింది. కొత్తది పెద్ద గుండ్రటి పలక. తెల్లటి పలక మీద ఎర్ర ముల్లు, కింద చిన్న కిటికీలో తిరిగిన దూరం చూపించే అంకెలు. మామయ్యగారు కుర్చీలోంచే చూశారు.

"ఏంటే ఆ పళ్ళెం?"

"ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి నాన్నా!" అని ఈమె కేకేసింది.

వినబడకూడని మాటలు మాత్రం బ్రహ్మాండంగా వినబడతాయి ఆయనకి. "ఆ కొమ్ములు ఎవరి పెంపకమే?" అన్నారు.

మరదలు పని మొదలెడితే చూడాలి. ఎర్ర తీగ బ్యాటరీకి కలిపింది, తాళం లేకున్నా మీటరు వెలిగేలా. నల్లది బండి ఒంటికి బిగించింది. ముందు చక్రం నడిమధ్య బొడ్డు మీద చింతగింజంత అయస్కాంతం అతికించి, దానికి ఎదురుగా ఫోర్కు కడ్డీకి చిన్న కన్ను లాంటిది అమర్చింది. చక్రం తిరిగినప్పుడల్లా అయస్కాంతం ఆ కన్ను ముందు నుంచి పోతుంది, అది ఒకటని లెక్కపెట్టుకుంటుంది. ఒక చుట్టుకి బండి ఎంత దూరం పోతుందో మీటరుకి మనం చెబితే, మిగతా లెక్క అది చేసుకుంటుంది. ఆ చుట్టు కొలత తప్పు చెప్పామా, అది జన్మంతా తప్పే చెబుతుంది. నాకిదంతా ఆమె పని చేస్తూ చెప్పింది.

తీగని ఫోర్కు వెంట పైకి తీసి క్లిప్పులు వేస్తుంటే మామయ్యగారు కుర్చీలోంచి లేచారు. వచ్చి హ్యాండిలు పూర్తిగా ఎడమకి తిప్పారు, కుడికి తిప్పారు. "ఇక్కడ బిగుస్తోంది. తెగుతుంది" అని వేలు పెట్టి చూపించి, మళ్ళీ వెళ్ళి కూర్చున్నారు. మరదలు నా వైపు చూసి కన్ను కొట్టింది. తీగ కొంచెం వదులు చేసింది.

చుట్టు కొలవడానికి టేపు కావాలి. మరదలి ఉక్కు టేపు కొట్లో ఉండిపోయింది.

"మీ అమ్మ టేపుందిగా?" అన్నాను.

ఆ టేపు సంగతి చెప్పాలి. దాని మొదటి కొసన ఉన్న రేకు ఊడిపోయి అంచు పీచులు లేస్తే, అత్తయ్య ఒకటో గీత దగ్గర కత్తిరించి పారేసింది. అంటే ఆ టేపు ఒకటి నుంచే మొదలవుతుంది. ఏది కొలిచినా వచ్చిన దాంట్లో ఒక అంగుళం తీసెయ్యాలి. ఈ ఇంట్లో అంకెలు రాని పిల్లలకి కూడా అది తెలుసు. కొత్తది కొనుక్కోమంటే ఆవిడ, "చేతికి అలవాటైన టేపు, మొగుడు లాంటిది. లోపం ఎంతో తెలుసు, చాల్లే" అంటుంది. వెనకవైపు సెంటీమీటర్లు ఎప్పుడో అరిగిపోయాయి.

వెళ్ళి టేపూ, గుడ్డ మీద గీసే సుద్దా తెచ్చాను. అత్తయ్య తలెత్తలేదు, మిషను ఆపలేదు.

"నాన్నా, వచ్చి బండి మీద కూర్చో" అంది మరదలు.

"ఎందుకు?"

"నీ బరువుకి టైరు నొక్కుకుంటుంది కదా! నడిపేవాడు కూర్చుంటేనే అసలు కొలత. గాలి కూడా చూశాను, సరిగ్గా ఉంది."

ఆయన గోడ మేకు వైపు చూశారు, కిటికీ వైపు చూశారు. వచ్చి కూర్చున్నారు. ఆ క్షణంలో లోపల మిషను మోత ఆగింది. నేను విన్నాను, మరదలు వింది, ఆయన వినలేదు.

టైరు మీదా, దాని కిందే గచ్చు మీదా సుద్దతో గీత పెట్టాం. మరదలు హ్యాండిలు నిటారుగా పట్టుకుంది, నేను వెనకనుంచి నెట్టాను. టైరు గీత ఒక చుట్టు తిరిగి మళ్ళీ నేలని తాకిన చోట ఇంకో గీత. ఆ రెంటి మధ్య దూరం టేపు కంటే ఎక్కువ. ఒకసారి టేపంతా వేసి, అది అయిపోయిన చోట నేను వేలు పెట్టి, అక్కడినుంచి రెండోసారి వేశాం.

"అరవై. మళ్ళీ పద్దెనిమిది. డెబ్బై ఎనిమిది" అన్నాను.

"మన అంగుళం తీస్తే డెబ్బై ఏడు" అంది మరదలు. ఫోన్లో దాన్ని మిల్లీమీటర్లు చేసి, మీటరు బొత్తాం నొక్కిపట్టి అంకె ఎక్కించింది. "అయిపోయింది. ఇక ఇది ధర్మరాజు."

మేకు మీది తాళం తెచ్చి ఇంజను స్టార్టు చేసిందో లేదో, బండి స్టాండు మీద ఉండగానే ముల్లు ఎగిరి డెబ్బై దగ్గర కూర్చుంది.

మామయ్యగారు ఎన్ని నెలల తర్వాత నవ్వారో! "కదలకుండా డెబ్బై! అబ్బో, నీ ధర్మరాజు మాయాబజారు చూపిస్తున్నాడే!"

"మీటరు తీగ ప్లగ్గు తీగ పక్కనుంచి పోయింది. ఆ నిప్పురవ్వకి దీనికి పూనకం వస్తోంది" అని మరదలు సిగ్గుపడకుండా క్లిప్పులన్నీ మళ్ళీ విప్పింది. తీగని రెండోవైపు నుంచి తిప్పి, సంచీలోంచి వేరే ప్లగ్గు టోపీ తీసి మార్చింది. ఈసారి ఇంజను ఎంత అరిచినా ముల్లు సున్నా మీదనుంచి కదల్లేదు.

అప్పుడు కిటికీలోంచి అత్తయ్య గొంతు వినబడింది. నన్నే పిలిచింది, ఆయనకి చెప్పమని.

"పెద్ద రోడ్డు మీద కిలోమీటరు రాళ్ళున్నాయి కదా! రేపు పొద్దున ఒక రాయి దగ్గర సున్నా పెట్టి, అక్కడినుంచి పది రాళ్ళు పోయి రమ్మను. పదో రాయి దగ్గర సరిగ్గా పది చూపిస్తే, సాయంత్రం మూటతో నేను ఎక్కుతా. ఒక్క గీత తప్పినా, ఆ ఇనుప సామాన్లాయనకి టీ ఇచ్చి మరీ నేనే బండి అప్పగిస్తా."

నేను ఆయన ముఖం ముందుకి వెళ్ళి, నోరంతా తెరిచి, ఒక్కో మాటా చెప్పాను. ఆయన విన్నారు. "నా బండికి పరీక్షా?" అన్నారు. కానీ ఆదివారం పొద్దున అందరికంటే ముందు లేచి గడ్డం గీసుకున్నారు.

తండ్రి నడిపారు, కూతురు వెనక కూర్చుంది. నేను గుమ్మం, వంటిల్లు, గుమ్మం అని తిరిగాను. తిరిగొచ్చేసరికి ఆ ఇద్దరి ముఖాలూ వేలాడుతున్నాయి. మామయ్యగారు బండి దిగి, ఎవరి వైపూ చూడకుండా తాళం మేకుకి తగిలించి కుర్చీలో కూర్చున్నారు.

"ఏమైందే?"

"వదినా, ఖాళీ రోడ్డు మీద, నీ నలభైలో పోనీ నాన్నా, ముల్లు చూడకుండా అన్నాను. పోనిచ్చాడు. ఇప్పుడు చూడమన్నాను. అరవై అయిదు మీదుంది. గబుక్కున యాక్సిలరేటరు వదిలేశాడు వదినా, నేను చూశాను. నమ్మేవాడే. కానీ పదో రాయి రాకముందే అంకె పదిని దాటిపోయింది. రాయి ఇంకా ముందుండగానే పది పాయింటు ఒకటి పడింది. అంతే, పట్టుకున్నాడు."

కుర్చీలోంచి మామయ్యగారు అందుకున్నారు. చెవి తగ్గినవాళ్ళ గొంతు పెద్దది కదా, వీధికంతా వినబడింది. "రాయి దగ్గరే తప్పిన మీటరు వేగం దగ్గర తప్పదా? నా నలభై నలభయ్యే! అబద్ధాల ముల్లు!"

నాకు ఒళ్ళు మండింది. "ఆడలేక మద్దెల ఓడని, మీటరు మీద పడతారేంటి మామయ్యగారూ? ఇంత చేసినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు..."

నాలుక కరుచుకున్నాను. అప్పటికే ఆయన నా పెదాలు చూశారు.

"ఆ మాట మాత్రం తెలుస్తుందిలే అమ్మాయ్" అన్నారు మెల్లగా.

చచ్చిపోదామనిపించింది. ఆయన కాళ్ళ దగ్గర కూలబడి, "తప్పయింది మామయ్యగారూ" అన్నాను. ఆయన నా తల మీద చెయ్యి వేశారు గానీ, మేకు మీది తాళం జోలికి వెళ్ళలేదు. బయట మరదలు మీటరు ముందు గొంతుక్కూర్చుని, అయస్కాంతం చూస్తోంది, కన్ను చూస్తోంది, అంతా సరిగ్గానే ఉందని తలపట్టుకుంటోంది.

అప్పుడు అత్తయ్య బయటికి వచ్చింది. మెళ్ళో టేపు. వాకిట్లో నిలబడి, గచ్చు మీద ఇంకా చెరగని రెండు సుద్దగీతల్ని చూసింది.

"దేంతో కొలిచారు?"

"నీ టేపుతోనే" అంది మరదలు.

"ఇంత దూరానికి టేపు చాలదే!"

"రెండుసార్లు వేశాం అత్తయ్యా" అన్నాను.

"ఎన్ని అంగుళాలు తీశారు?"

నేను మరదల్ని చూశాను. మరదలు నన్ను చూసింది. "ఒకటి" అన్నాం ఇద్దరం ఒకేసారి. అనగానే తెలిసిపోయింది.

అత్తయ్య నెత్తి కొట్టుకుంది. "ఓసి మీ తెలివి తెల్లారినట్టే ఉంది! వేసిన ప్రతిసారీ తియ్యాలే! పరదా గుడ్డలు కొలిచేటప్పుడు నేను చేసేదేంటి? మూడుసార్లు వేస్తే మూడు తియ్యనూ? దాని లోపం దానితోపాటే వస్తుంది, ఒకసారి తీసేస్తే పోతుందా?"

మరదలు అప్పటికే ఫోను మీద పడింది. అంగుళం ఎక్కువ చెబితే పది రాళ్ళకి ఎంత తేడా వస్తుందో లెక్కవేసి, "అమ్మా! నూట ముప్పై మీటర్లు! సరిగ్గా ఆ తేడానే!" అని ఎగిరి గంతేసింది. నేను ఆ సుద్దగీతల మధ్య మళ్ళీ టేపు వేశాను, రెండుసార్లు, చూపుడు వేలు పెట్టి. డెబ్బై ఎనిమిదిలో రెండు పోతే డెబ్బై ఆరు. మరదలు పాత అంకె చెరిపి కొత్తది ఎక్కించింది.

ఇదంతా మామయ్యగారు కుర్చీలోంచి చూస్తూనే ఉన్నారు. మాటలు వినబడకపోయినా, టేపు చూశారు, రెండు వేళ్ళు ఎత్తిన అత్తయ్యని చూశారు. ఆ ఇంట్లో మనిషే కదా, అంగుళం లెక్క ఆయనకి చెప్పాలా? పకపకా నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, ఎవరూ అడగకుండానే లేచి, మేకు మీది తాళం తీసుకున్నారు.

రెండోసారి వెళ్ళొచ్చేసరికి ఎండ ముదిరింది. ఈసారి మరదలు నోరు విప్పలేదు, ఆయన్నే చెప్పనిచ్చింది. బండి మీదనుంచి దిగకుండా ఆయన అన్నారు, "పదో రాయి పక్కన ముందు చక్రం ఉండగా పది పడింది." కాసేపు ఆ ఎర్ర ముల్లునే చూస్తూ ఉన్నారు. "ఇది నిజమే చెప్తోంది. అయితే నా నలభై అరవై పైనే. ఆ రోజు ఇంకా తిప్పాను కాబట్టి డెబ్బైలో పోనిచ్చానన్నమాట. మూటా, అదీ వెనకుండగా."

అత్తయ్య లోపలికి వెళ్ళిపోయింది. మిషను మోత మొదలైంది, మధ్యాహ్నమంతా ఆగలేదు.

సాయంత్రం ఇనుప సామాన్లాయన తోపుడు బండితో చెప్పినట్టే వచ్చాడు. నేను ఎదురెళ్ళి, మరదలు ఊడదీసిన పాత మీటరు చేతిలో పెట్టాను.

"ఇదేంటమ్మా, బండన్నారుగా?"

"సున్నా తప్ప ఇంకోటి ఎరగని ముల్లు ఇది. పట్టుకుపో. బండికి పనుంది."

అతను గొణుక్కుంటూ వెళ్ళిపోయేసరికి అత్తయ్య మూటతో గుమ్మంలో నిలబడి ఉంది. మామయ్యగారు బండి స్టార్టు చేసి కూర్చున్నారు. ఆవిడ ఎక్కలేదు. ఆయన ఎదురుగా వచ్చి నిలబడి, పెదాలు కనబడేలా చెప్పింది.

"ఇదిగో, నలభై దాటకూడదు. నేను వీపు మీద కొడితే తగ్గించాలి. అరిస్తే నీకు వినబడదు కాబట్టి కొడతా. ఇలాగ."

పక్కకి వచ్చి వీపు మీద రెండు చరుపులు చరిచింది. ఆయన ఒక్కసారి వెనక్కి తిరిగారు. ముఖం మారిపోయింది.

"ఇదా?"

"ఏది?"

"ఆ రోజు నువ్వు కొట్టింది ఇదే కదే." మెల్లగా అంటున్నాననుకున్నారు పాపం, ఎదురింటివాళ్ళు కూడా కిటికీలోకి వచ్చారు. "పెళ్ళైన కొత్తలో ఇలాగే చరిచేదానివి. పోనీ, ఇంకా పోనీ అని చరిచేదానివి కదా! ఇన్నేళ్ళకి మళ్ళీ గుర్తొచ్చిందేమో అనుకున్నానే. ఎంత సంతోషమేసిందో. అందుకే ఇంకా తిప్పాను. నీకు భయమేసి కొట్టావని నాకు తెలీలేదు. ఆ తర్వాత చెప్పుకోడానికి సిగ్గేసింది."

అత్తయ్య చేతిలో మూట జారబోయింది. నేను పట్టుకున్నాను. అన్నాళ్ళూ ఆవిడ మోసిన కోపమంతా, నా భయం లెక్కలేదనుకున్న కోపమంతా, ఎటు పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడిపోయింది. నా పక్కన మరదలు ఏడుస్తోంది. నేను ఏడవలేదని చెప్పను.

అత్తయ్య మూట తీసుకుని వెనక ఎక్కి కూర్చుంది. కొంగు సర్దుకుని, మూట ఒళ్ళో పెట్టుకుని, వంగి ఆయన చెవి దగ్గర నోరు పెట్టింది. "ముసలాడా, ఆ మాట అప్పుడే చెప్పి చావకూడదూ?" అంది. ఆ మాట మాకు వినబడింది గానీ ఆయనకి వినబడలేదు.

"ఏమన్నావ్?" అని అరిచారు.

ఆవిడ చెయ్యెత్తి వీపు మీద ఒక్క చరుపు చరిచింది.

"పోనీ అన్నాను!"

ఎర్ర ముల్లు సున్నా మీదనుంచి లేచింది.